బుచ్చన్న రాసిన జరం

మనిషికి మర్యాద ఉండాలె, నేను కాదనను. గని మా బుచ్చన్నకు ఉన్నంత ఉండొద్దు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక గల్లీల ఆయన ఇంటర్నెట్ సెంటరు ఉండె. అండ్ల నేను ఏడేండ్లు డీటీపీ పని చేసిన. కంప్యూటర్ ఆన్ గాకపోతే, 'జర ఆన్ గారాదు తల్లీ' అని బతిమిలాడుతుండె ఆయన. నాకేమో కోపం ముక్కు మీదనే ఉంటది. నేను పోయి దాని డబ్బా మీద ఒక్కటి సరిస్తే అది ఆన్ అవుతుండె. 'గట్ల కొట్టకు జ్యోతీ, పాపం' అంటుండె ఆయన. నా పేరు అరుణజ్యోతి. ఆయన అసలు పేరు బుచ్చయ్య.

బుచ్చన్నది చౌటుప్పల్ అవతల ఒక చిన్న పల్లె. పదహారేండ్ల వయసుల ఊరోళ్ళంత కలిసి ఆయనతోని ఒక అర్జీ రాయించిన్రట. ఊర్ల నీళ్ళు లేవు, బోరు కావాలె, గంతే సంగతి. ఈయన గూడ గంతే రాసిండు. 'మా ఊర్ల నీళ్ళు లేవు, బోరు వెయ్యండి' అని రెండు లైన్లు. అది తీస్కపోయి ఆఫీసుల ఇస్తే, కుర్సీల కూసున్న పెద్దమనిషి సదివి, కాయిదం కింద పడేసిండట. 'ఎవడ్రా ఇది రాసింది, సర్కారుకు హుకుం ఇస్తున్నవా' అన్నడట. అందరి ముందట. వాళ్ళ నాయిన ఆ కాయిదం ఏరుకొని, బయట చెట్టు కింద అర్జీలు రాసే ముసలాయన దగ్గరికి పోయిండు. ఆయన అదే ముచ్చటను పేజీన్నర చేసిండు. తమరి దివ్య సముఖమునకు అన్నడు, పాదాలకు దండం అన్నడు, చివర్ల ఎక్కడో బోరు అన్నడు. ఆ కాయిదాన్ని ఆఫీసోళ్ళు తీసుకున్నరు. ఆ దినం పట్టుకున్నది బుచ్చన్నను ఈ మర్యాద, మల్ల వదల్లె.

తర్వాత పట్నమొచ్చి టైపు నేర్చుకొని, లోయరు, హయ్యరు రెండు పాసై, ఎల్‌బీ నగర్ల ఒక ఆఫీసు ముందట మిషను పెట్టుకొని కూసున్నడు. పద్దెనిమిదేండ్లు అర్జీలే. ఎవరికి ఎంత వంగి రాయాలెనో ఆయనకు తెల్సినంత ఇంకెవ్వరికి తెల్వదు. కంప్యూటర్లు వచ్చి మిషను మూలకు పడ్డంక, ఈ సెంటరు పెట్టిండు. కర్మన్‌ఘాట్ హనుమంతుని మీద భక్తి గనక శ్రీ ఆంజనేయ ఇంటర్నెట్ అని పేరు. పక్కన జోగారావు గారి టిఫిన్ సెంటరు. ఆయనది కాకినాడ వైపు. ఈ ఇద్దరు పొద్దున లేస్తే తెలంగాణ ఇయ్యాల్నా వద్దా అని వాదులాడుకుంటుండిరి, పదింటికి ఒక్క ప్లేట్ల పెసరట్టు తింటుండిరి.

మా దగ్గరికి వచ్చేటోళ్ళు అందరు చదువుకునే పిల్లలే. నల్లగొండ నుంచి, సూర్యాపేట నుంచి వచ్చి రూములల్ల కిరాయికి ఉండేటోళ్ళు. ఇంగ్లీషుల రాయాలంటే వణుకు. సారుకు మెయిల్ పెట్టాలన్నా అని రాంగనే బుచ్చన్న అడిగే మొదటి ప్రశ్న ఏంది అనుకుంటున్నరు? ఏం కావాలె అని గాదు. 'సారు పెద్ద సారా, సాదా సారా?' అని. కంప్యూటర్ల రెండు ఫైళ్ళు పెట్టుకున్నడు, రెస్పెక్ట్ ఒకటి, రెస్పెక్ట్ రెండు అని. సాదా సారుకు ఒకటి, హెచ్‌వోడీ, ప్రొఫెసర్ అట్లాంటోళ్ళకు రెండు. రెండో దాంట్ల అయితే సారు ఆరోగ్యం, సారు ఇంటోళ్ళ ఆరోగ్యం, దేవుని దయ, సారు విలువైన టైము, మన తెలివితక్కువతనం, ఇవన్ని అయినంక గని అసలు ముచ్చట రాదు. వచ్చినా ఒక్క లైను. మల్ల కింద క్షమాపణ.

ఒక తాప ఒక సారు, నీకేం కావాలె అని ఒక్క ముక్క జవాబిచ్చిండు. నేనైతే సిగ్గుతోని సచ్చిన. బుచ్చన్న మురిసిపోయిండు. 'సూసినవా జ్యోతీ, ఏం కావాలె నాయనా అని అడుగుతుండు, ఎంత మంచోడు' అన్నడు. ఈ మనిషితోని ఏం చేస్తం చెప్పుండ్రి.

ఇంకొకటుండె ఆయనకు. దేనికన్న సెలవు కావాల్నన్నా, గడువు కావాల్నన్నా, కారణం జరమే. అక్క పెండ్లి ఉన్నా జరమే, బస్సు దొరకకున్నా జరమే. ఆయనొక్కడే గాదు, మనమందరం బడిల గట్లనే రాసినోళ్ళమే. నేను గూడ రాసిన. సదివే సారుకు తెల్సు, రాసే పోరనికి తెల్సు. అది అబద్ధం అని ఎవ్వరం అనుకోలె, అది లెటర్ల ఉండే పద్ధతి అనుకున్నం.

ఇగ శ్రీకళ ముచ్చట చెప్తా. మన్సూరాబాద్ల ఉంటది. నాయిన నగేశ్ ఎల్‌బీ నగర్ చౌరస్తల ఆటో నడుపుతడు. ఈ పిల్ల ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరం. పండ్లకు పట్టే బూజు మీద చదువు. గడ్డిఅన్నారం మార్కెట్‌కు పోయి, అందరు మంచి బత్తాయిలు ఏరుకుంటే ఈమె కుళ్ళినయి ఏరుకుంటుండె. 'నీకేమన్న పిచ్చా బిడ్డా' అని మార్కెట్ల అండాలమ్మ అనే ఆమె రోజు తిట్టుకుంటనే సంచి నింపిచ్చేదట. ఆ బూజుల మీద రాసి అప్లికేషన్‌తోని పంపిన రిపోర్టు సూసి, బెంగుళూర్ల ఒక పెద్ద ల్యాబు నుంచి ప్రొఫెసర్ సూర్యప్రభ అని ఒక మేడం, ఆరు నెలలు తన దగ్గర ప్రాజెక్టు చెయ్యమని రాసింది. మైసూరు దిక్కు ఆమె, తెలుగు రాదు. సీటు ఒక్కటే. శ్రీకళ కాలేజీల అంతకుముందు ఎవ్వరికి రాలె. సెప్టెంబర్ ముప్పై లోపల కాలేజీ నుంచి ప్రిన్సిపాల్ సంతకం, మొహరు ముద్ర ఉన్న ఒక కాయిదం పంపాలె. గంతే షరతు.

అది రెండువేల పదకొండు. సకల జనుల సమ్మె నడుస్తుంది. బస్సుల్లేవు, బడుల్లేవు, కరెంటు పూటకింతసేపు పోతుండె. కాలేజీకి తాళం. శ్రీకళ ప్రిన్సిపాల్‌ను దేవులాడుకుంట పోతే, ఆయన ఎల్‌బీ నగర్ కాడ దీక్ష టెంటుల కూసోని ఉన్నడు, మెడల గులాబి కండువ. 'సంతకం ఇప్పుడే పెడ్తా బిడ్డా, గని మొహరు బీర్వల ఉంది, బీర్వ తాళం క్లర్కు దగ్గర ఉంది, క్లర్కు వాళ్ళ ఊర్ల రోడ్డు మీద వంట చేస్తుండు. సమ్మె ఒడవనీ' అన్నడట. చాయ తాగిపిచ్చి పంపిండు.

ఇరవై ఏడో తారీకు పొద్దుగాల ఆ పిల్ల మా సెంటరుకు వచ్చింది. 'కాకా, కాలేజీ బంద్ ఉందని, సమ్మె అయిపోంగనే కాయిదం పంపుతనని మేడంకు రాద్దాం' అన్నది. బుచ్చన్న చెవులు మూసుకున్నంత పని చేసిండు.

'సమ్మె అని రాస్తమా బిడ్డా? అంత పెద్ద మేడంకు? వీళ్ళు కొట్లాటోళ్ళు, లొల్లి జాతి అనుకోదా? జరం అని రాద్దాం. జరం అంటే ఎవ్వరు కాదనరు.'

'నాకు జరం లేదు గద కాకా.'

'లెటర్ల జరం వేరే బిడ్డా.'

'మల్ల ఉత్తగ జరం అంటే రెండొద్దుల తగ్గుతది గదా' అని అన్నది నేనే. నా నోరు పడిపోను. ఆయన సోంచాయించి, టైఫాయిడ్ అయితే గౌరవంగ ఉంటది అన్నడు. ఇరవై దినాల టైఫాయిడ్ పెట్టినం. రెస్పెక్ట్ రెండు ఫైలు తెరిచి, మేడం ఇంటోళ్ళ ఆరోగ్యం నుంచి షురూ చేసి, ఈ దీనురాలు మంచం మీద నుంచి చేతులు జోడించి ప్రార్థిస్తున్నది అని ఇంగ్లీషుల నేనే టైపు కొట్టిన. శ్రీకళ ఇంకొకసారి గూడ అన్నది, కాకా నాకు జరం లేదు అని. 'నువ్వు గమ్మునుండు బిడ్డా, నేను ముప్పై ఏండ్లు చేసిన పని ఇది' అన్నడు బుచ్చన్న. సెండ్ కొట్టినం.

తెల్లారి జవాబొచ్చింది. శ్రీకళ ఇంకా రాలె, అప్పటికే ఆయన మెయిల్ తెరిచి సూస్తుండు. వాళ్ళ ఐడీలు, పాస్‌వర్డులు అన్ని ఈయన దగ్గరనే ఉంటుండె, గట్ల నమ్ముతుండిరి. శ్రీకళ గల్లీల అడుగు పెట్టంగనే ఎదురువోయిండు. 'రా బిడ్డా రా. మేడం ఎంత మంచిగ రాసింది సూడు. శానా బాధైందట. ఆరోగ్యం కంటే ఎక్కువ ఏది లేదట. కాచిన నీళ్ళు తాగమని రాసింది బిడ్డా, కన్నతల్లి లెక్క.' ఆయన కండ్లల్ల నీళ్ళు. జోగారావు గారు గూడ గరిటె పట్టుకొని వచ్చి విన్నరు.

శ్రీకళ కూసోని సదివింది. రెండు తాపలు సదివింది. 'కాకా' అన్నది, 'నన్ను ఈ ఏడాది రెస్ట్ తీసుకొమ్మన్నది. ఆ సీటు లిస్టుల నా తర్వాత ఉన్నోళ్ళకు ఇస్తదంట. బలం వచ్చినంక వచ్చే ఏడాది మల్ల అప్లై చెయ్యమన్నది.'

'వచ్చే ఏడాది ఇస్తదా? మంచిదే గదా.'

'వచ్చే ఏడాదికి నా ఎమ్మెస్సీ ఒడుస్తది కాకా. ప్రాజెక్టుకు ఈ ఆరు నెలలే. సీటు పోయింది.'

బుచ్చన్న మల్ల స్క్రీన్ ముందట వంగి సదివిండు. అంత మర్యాద ఉన్న మెయిల్ల సీటు పోయే ముచ్చట ఉంటదని ఆయనకు తోచలె. మొఖం మాడిపోయింది. ముప్పై ఏండ్లల్ల ఆయన అర్జీ రాస్తే పని కాకపోవుడు ఉంది, గని ఆయన రాయవట్టి చేతిల ఉన్నది పోవుడు గదే మొదటిసారి.

ఆ పిల్ల ఏడ్వలె. ఏడిస్తే నాకు జర నయముండు. బ్యాగు ఒళ్ళె పెట్టుకొని కూసున్నది. నాకైతే నా చేతులు నరుక్కోవాలనిపించింది. టైఫాయిడ్ దాకా తీస్కపోయింది ఎవరు మరి.

బుచ్చన్న లేచి, 'ఫికర్ చెయ్యకు, ఇంకొక మెయిల్ రాద్దాం. తమరి ఆశీర్వాదంతోని టైఫాయిడ్ నయమైంది అని' అన్నడు. నాకు ఒళ్ళు మండింది. 'ఒక్క రాత్రిల టైఫాయిడ్ తగ్గుతదా అన్నా? మేడం ఏమన్న హనుమంతుడా, సంజీవని తెచ్చిందా?' అన్న. అప్పుడే కరెంటు పోయింది. ఇగ మూడు గంటలదాక రాదు. నలుగురం వచ్చి జోగారావు గారి దుకాణం మెట్ల మీద కూసున్నం.

'నేనొక మాట అంటానండి బుచ్చయ్య గారూ, ఏమనుకోకండి' అన్నరు జోగారావు గారు. 'ఆ జ్వరం మీరెక్కించారు. మీరే దింపాలి. నిజం చెప్పేయడమే.'

'నిజం చెప్తే అబద్ధం చెప్పినట్టు తెలుస్తది గదా జోగారావు గారూ. పెద్దమనిషితోని అబద్ధం ఆడినమంటే ఇంకేమన్న ఉందా? గా పిల్లను మల్ల గడప తొక్కనిస్తరా?'

మెయిన్ రోడ్డు దిక్కు నుంచి ఒక ఊరేగింపు పోతుంది. డప్పులు, జై తెలంగాణ అని కేకలు. శ్రీకళ అటే సూసుకుంట అన్నది, 'కాకా, వాళ్ళల్ల ఎవరన్న చేతులు జోడించి, ఈ దీనులకు దయతలచి రాష్ట్రం ఇప్పించగలరని అరుస్తున్నరా?' జోగారావు గారు పకపక నవ్విన్రు. 'అలా అడిగుంటే మేము ఎప్పుడో ఇచ్చేసేవాళ్ళం అమ్మా' అన్నరు. బుచ్చన్నకు గూడ నవ్వొచ్చింది గని ఆపుకున్నడు. ఆయన సమ్మెకు పోయేటోడే. టెంటుల వంటలు చేసిండు. గక్కడ గొంతు లేపుతడు, కుర్సీల మనిషి ముందట కూలబడుతడు. గీ రెండు ఒక్క మనిషిల ఎట్ల ఉంటయో నాకెప్పుడు సమజ్ గాలె.

కరెంటు రాంగనే శ్రీకళ కుర్సీల కూసున్నది. 'నేను రాస్త' అన్నది. బుచ్చన్న వెనక నిలవడ్డడు. ఆమె ఇంగ్లీషు గొప్పగేం లేదు, తప్పులు నాకే కనవడ్డయి. అయినా మొదటి లైన్లనే అన్నది. నాకు జరం లేదు. మా దగ్గర రాష్ట్రం కోసం సమ్మె నడుస్తుంది, కాలేజీ తాళం తీయరు, మొహరు దొరకది. ఆ సంగతి మీకు చెప్పడానికి భయపడ్డం. మీ దగ్గర పని చెయ్యాలని నాకు మస్తు ఉంది. కాయిదం పంపడానికి సమ్మె అయిపోయేదాక టైము ఇయ్యండి. తప్పైంది. కింద పేరు. ఆరు లైన్లు.

'రెస్పెక్టెడ్ అని అయినా పెట్టు బిడ్డా' అన్నడు బుచ్చన్న. డియర్ మేడం అని పెట్టింది. సెండ్ మీదికి మౌస్ పోతుంటే, 'జర ఆగు' అన్నడు. ఆమెను లేపి, ఆమె పేరు కింద రాసెతందుకు తను కూసున్నడు.

బుచ్చన్న టైపు కొడ్తే సూడాలె, కండ్లు మూసుకొని కొడ్తడు, వాన పడ్డట్టుంటది. ఆ దినం ఒక్కొక్క మీట సూసి కొట్టిండు. నేను ఆయన భుజం మీదికెల్లి సదివిన. 'మేడం, నేను బుచ్చయ్యను. ఇంటర్నెట్ సెంటరు నాది. జరం రాసింది నేను. తనకు జరం లేదని ఈ పిల్ల రెండుసార్లు చెప్పింది, నేనే వినలేదు. మీకు కోపమొస్తే నా మీద చూపించండి.' గంతే. ఎవరి ఆరోగ్యం అడగలె. ఎంతో మందికి ఎన్నో వేల కాయిదాలు రాసిండు గని తన పేరు పెట్టి ఒక్కటన్న రాసింది నేను అంతకుముందు సూడలె. సెండ్ కొట్టి, లేచి పోయి బయట నిలవడ్డడు.

రెండు దినాలు ఆ మనిషిని సూడాలె. పెసరట్టు ముట్టలె. జోగారావు గారు తెలంగాణను తిట్టి రెచ్చగొట్టవోయిన్రు, అయినా వాదానికి దిగలె. కర్మన్‌ఘాట్‌కు బస్సుల్లేకపోతే నడిచి పోయి వచ్చిండు. సెంటరుకు పిల్లలొస్తే, 'జ్యోతిని అడుగుండ్రి' అంటుండె. రెస్పెక్ట్ ఫైళ్ళు తెరవనే లేదు. నాకు జాలైంది, దాని వెంటనే కోపం గూడ వచ్చింది, ఇంత భయం ఎందుకు మనిషికి అని.

ముప్పయ్యో తారీకు పదకొండింటికి జవాబొచ్చింది. శ్రీకళ సదువుతుంటే ముగ్గురం వెనక నిలవడ్డం, జోగారావు గారి స్టవ్ మీద ఏదో మాడుతున్న వాసన వస్తున్నా ఆయన పోలె.

'డియర్ శ్రీకళ, సీటు నీదే. తర్వాత ఉన్నవాళ్ళకు నేను ఇంకా రాయలేదు. సమ్మె ముగిశాక ఉత్తరం పంపు. అప్పటివరకు నీ బూజులు పాడుకాకుండా చూసుకో. ఇకముందు నీకు ఏం కావాలో మొదటి లైనులో చెప్పు.' శ్రీకళ అక్కడ ఆగింది. ఇగ అప్పుడు ఏడ్చింది పిల్ల. నేను గూడ ఏడ్చిన, చెప్పుకుంటే సిగ్గేముంది.

'ఇంకా ఉందమ్మా కింద' అన్నరు జోగారావు గారు.

కింద బుచ్చన్నకు రాసింది మేడం. 'డియర్ మిస్టర్ బుచ్చయ్య, నాకు కోపం రాలేదు. నేను ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. నా దగ్గరికి కొన్ని వందల జ్వరాలు వచ్చాయి. జ్వరం లేదని చెప్పడానికి వచ్చిన మనిషి మీరొక్కరే. థాంక్యూ.'

బుచ్చన్న అద్దాలు తీసి తుడుచుకొని, మల్ల పెట్టుకొని సదివిండు. డియర్ మిస్టర్ బుచ్చయ్య అన్న కాడ వేలు పెట్టి, 'ఇది నాకేనా?' అని అడిగిండు. నీకే అన్న. మల్ల ఒక్కసారి అడిగిండు.

'జవాబియ్యాలె గదా' అన్నడు. ఇయ్యాలంటే ఐడీ కావాలె. తమాష ఏందంటే, దిల్‌సుఖ్‌నగర్ల సగం మంది పిల్లలకు ఐడీలు చేసిచ్చిన మనిషికి తనకంటూ ఒక్కటి లేదు. నేనే చేసిచ్చిన. ఆయన కూసోని, రెస్పెక్ట్ రెండు ఫైలు నుంచి మొత్తం కాపీ చేసి పెట్టిండు. మేడం ఆరోగ్యం, ఇంటోళ్ళ ఆరోగ్యం, దేవుని దయ, అన్ని వచ్చినయి. నేను నోరు తెరవవోయిన, శ్రీకళ నా చెయ్యి పట్టి ఆపింది. ఆయన దాన్ని సదువుకుంట ఉన్నడు, సదువుకుంట ఉన్నడు, ఆఖరికి మొత్తం చెరిపేసిండు.

మల్ల రెండు లైన్లు కొట్టి, మా దిక్కు తిరిగి, 'ఇది తక్కువైతదా?' అని అడిగిండు.

వంగి సదివిన. థాంక్యూ మేడం అని ఉంది. దాని కింద, 'నాకు మస్తు భయమైంది' అని ఉంది.

సరిపోతది అన్నా, పంపు అన్న.